ఇంటి నల్లా – ఊరి అమానతు

పల్లె గృహిణికి తెల్లవారుతూనే కలిగే మొదటి చింత ఒకప్పుడు నీటిని గురించినదే. రెండు బిందెల నీటి కోసం ఊరి చివరి బావి దాకానో, చేతిపంపు దాకానో నడవడం, అక్కడ వంతు కోసం వేచి ఉండడం, బడికి పోవలసిన ఆడపిల్లను కూడా ఆ వరుసలో నిలబెట్టడం – మన తల్లుల తరానికి ఇవన్నీ నిత్యకృత్యాలు. నేడు ఆ చింత చాలా ఇళ్ళలో రూపు మార్చుకున్నది. "నీళ్ళు ఎక్కడి నుండి తేవాలి?" అన్న ప్రశ్న వెనుకబడి, "ఈ రోజు నల్లా వస్తుందా? వస్తే ఆ నీరు పిల్లలకు తాగించదగినదేనా?" అన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

ఈ రెండవ ప్రశ్న మొదటిదానికన్నా కఠినమైనది. గొట్టం ఒకసారి వేస్తే భూమిలో పడి ఉంటుంది. నీరు మాత్రం ప్రతి దినం రావాలి, ప్రతి దినం శుభ్రంగా రావాలి. గొట్టం వేసిన రోజున ప్రారంభోత్సవాలు, ఉపన్యాసాలు ఉంటాయి. ఆ గొట్టంలో నీటిని ఏళ్ళ తరబడి నిలబెట్టే పనికి అటువంటి ఆర్భాటమేదీ ఉండదు. అందుకే ఆ పని ఎవరిదో, ఎలా జరుగుతుందో, అందులో మన పాలు ఎంతో మనలో చాలా మందికి తెలియదు. ఈ వ్యాసంలో మేము ఆ విషయాన్నే పాఠకుల ముందుంచదలిచాము.

నీరు నడిచి వచ్చే దారి

2019 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జలజీవన్ మిషన్‌ను ప్రకటించిన నాటికి దేశంలోని గ్రామీణ కుటుంబాలలో సుమారు ఆరింట ఒకదానికి మాత్రమే ఇంటి కుళాయి ఉండేది. నేడు ఐదిళ్ళలో సుమారు నాలుగింటికి ఆ సౌకర్యం చేరింది. తెలంగాణలో ఈ ప్రయత్నం అంతకు ముందే మొదలైంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ, కృష్ణా గోదావరి నదుల నీటిని శుద్ధిచేసి పల్లెలకు చేర్చే పథకం. పల్లెవాసికి తలకు రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. జలజీవన్ మిషన్ నిర్ణయించిన కనీస పరిమాణం 55 లీటర్లు.

నదిలోనో, జలాశయంలోనో తోడిన నీరు ముందుగా శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అక్కడ ఆ నీటికి గాలి తగిలేలా చేస్తారు, పటిక కలుపుతారు. నీటిలోని సన్నని మట్టి రేణువులు పటికతో ముద్దకట్టి అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని ఇసుక పొరల గుండా వడపోసి, క్లోరిన్ కలిపి పెద్ద గొట్టాలలోకి వదులుతారు. ఆ గొట్టాలు పదుల కిలోమీటర్లు ప్రయాణించి మన ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకును నింపుతాయి. ఇంతవరకు పథకం ఇంజనీర్ల బాధ్యత. ట్యాంకు నుండి మన ఇంటి గడప వరకు ఉన్న చిన్న దారి గ్రామ పంచాయతీది. రాజ్యాంగపు పదకొండవ షెడ్యూలు పంచాయతీలకు ఉద్దేశించిన 29 అంశాలలో తాగునీరు కూడా ఒకటి. చిత్రమేమిటంటే, పదుల కిలోమీటర్లు క్షేమంగా వచ్చిన నీరు పాడయ్యేది చాలా సందర్భాలలో ఈ చివరి కొన్ని వందల గజాలలోనే.

ఒక్క రోజు ఆగితే ఏమవుతుంది?

నల్లా ఒక రోజు రాకపోతే అసౌకర్యమే గదా అని కొందరు తేలికగా తీసుకోవచ్చు. తెలుగు నేలపై అనేక ప్రాంతాలలో విషయం అంత తేలికైనది కాదు. భూగర్భ జలంలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు చెడిపోయే వ్యాధి మన దేశంలో ఉన్నదని 1937లో వైద్యులు తొలిసారిగా లోకానికి తెలిపింది నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించిన తరువాతనే. నల్గొండ జిల్లా పేరు వినగానే వంగిన వెన్నులు, బిగుసుకుపోయిన కీళ్ళు, గోధుమ రంగు మరకలు పడ్డ పిల్లల పళ్ళు గుర్తుకు వచ్చే దుస్థితి దశాబ్దాల పాటు కొనసాగింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానానికి 'నల్గొండ పద్ధతి' అనే పేరే స్థిరపడింది.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదని భారత ప్రమాణం చెబుతున్నది. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తుంది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. నీటిని మరిగించినా అది పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన దానిలో ఫ్లోరైడు పాలు ఇంకా పెరుగుతుంది. ఒకసారి ఎముకలలో చేరి వాటిని వంచిన తరువాత వెనుకకు మళ్ళించే మందు లేదు. ఉన్న ఉపాయమల్లా అటువంటి నీటిని తాగకుండా ఉండడమే.

ఇటువంటి ఊళ్ళకు నది నీరు వచ్చింది. కాని పాత బోర్లు ఇంకా ఉన్నాయి. ప్రధాన గొట్టం పగిలినప్పుడో, మోటారు కాలిపోయినప్పుడో నది నీరు ఆగుతుంది. జనం ఊరుకోరు గనుక ట్యాంకును పాత బోరు నీటితో నింపుతారు. నల్లా తిప్పిన తల్లికి ఆ తేడా కనిపించదు. మరమ్మతు రెండు రోజులలో ముగిస్తే హాని స్వల్పం. వారాల తరబడి సాగితే, ఏటా అదే జరిగితే, ఒక తరం పాటు శ్రమించి దూరం చేసుకున్న ముప్పును మళ్ళీ ఇంట్లోకి పిలిచినట్లే. అందుచేత నీటి సరఫరా సంస్థ మంచిచెడ్డలను అది ఎంత నీరు ఇస్తున్నదో చూసి మాత్రమే నిర్ణయించరాదు. ఆగిన నీటిని ఎంత త్వరగా పునరుద్ధరిస్తున్నది, ఆగిన రోజున జనానికి నిజం చెబుతున్నదా అన్నది కూడా చూడాలి. "ఈ రెండు రోజులు ట్యాంకులో ఉన్నది బోరు నీరు, తాగడానికి వాడవద్దు" అని మైకులో చేసే ఒక్క ప్రకటన ఎన్నో ఇళ్ళను కాపాడుతుంది.

నీళ్ళు వదిలే మనిషి

ప్రతి పల్లెలోనూ నీళ్ళు వదిలే మనిషి ఒకరుంటారు. పంపు ఆపరేటరని కొన్ని చోట్ల, వాటర్‌మ్యానని కొన్ని చోట్ల పిలుస్తారు. చిన్న పంచాయతీలలో వీధులు ఊడ్చే పని, వీధి దీపాల పని కూడా అతనికే ఉంటుంది. తెల్లవారుజామున కరెంటు ఉన్న వేళ చూసి మోటారు వేయడం, ట్యాంకు నిండగానే ఆపడం, వీధి వీధికీ వాల్వులు తిప్పడం అతని దినచర్య.

వాల్వు తిప్పడం చిన్న పనిగా కనిపిస్తుంది. నిజానికి ఊరిలో న్యాయం నిలిచేది అక్కడే. నీరు పల్లానికి పారుతుంది. అన్ని వాల్వులూ ఒకేసారి విప్పితే పల్లపు వీధిలో బిందెలు పొంగిపొర్లుతాయి. మెరక మీది వీధిలో నల్లా గాలి ఊదుతుంది. ట్యాంకు 12 మీటర్ల ఎత్తున ఉన్నదంటే ఆ ఎత్తు ఇచ్చే ఒత్తిడి అంతే. గొట్టం పొడవునా ఆ ఒత్తిడి తరుగుతూ పోతుంది. అందుకే వీధులను భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి కొంత సమయం కేటాయించి నీరు వదలాలి. చివరి ఇంటికి చేరిన నీరే ఆ ఊరి సరఫరాకు సరైన కొలబద్ద. చాలా ఊళ్ళలో ఆ చివరి ఇళ్ళు నోరు లేని పేదలవి కావడం మనం గమనించవలసిన విషయం.

2,000 జనాభా గల ఊరికి తలకు 55 లీటర్ల చొప్పున రోజుకు 1,10,000 లీటర్లు కావాలి. 60,000 లీటర్ల ట్యాంకు ఉంటే దాన్ని రోజుకు రెండుసార్లు నింపాలి. మోటారు ఒక పూట పనిచేయకపోతే సగం ఊరు ఎండుతుంది. కనుక అదనపు మోటారో, కనీసం స్టార్టరు, ఫ్యూజులు, జాయింట్లు, వాల్వు వాషర్లో పంచాయతీ వద్ద సిద్ధంగా ఉండాలి. పది రూపాయల వాషరు లేక వాల్వు నెలల తరబడి కారడం మన పల్లెలకు కొత్త కాదు.

ఈ మనిషి వానలో తడిసిన స్టార్టరు పెట్టెను ముట్టుకుంటాడు, ఎత్తైన ట్యాంకు నిచ్చెనలు ఎక్కుతాడు, ముఖానికి గుడ్డ కూడా లేకుండా బ్లీచింగ్ పొడి కలుపుతాడు. చాలా చోట్ల అతని జీతం స్వల్పం, అదీ సమయానికి అందదు. మన బిడ్డలు తాగే నీటిని ఎవరి చేతిలో పెట్టామో అతనికి చేతి తొడుగులు, ముఖానికి మాస్కు, నెల తిరగగానే జీతం ఇవ్వలేని ఊరు మంచి నీటిని ఆశించడం సమంజసం కాదు.

ఆ వాసన దేనికి గుర్తు?

నల్లా నీటిలో మందు వాసన వస్తున్నదని, అందుకే తాగడం లేదని గృహిణులు తరచుగా అంటూ ఉంటారు. ఈ అపోహ తొలగవలసి ఉన్నది. ట్యాంకులో కలిపిన క్లోరిన్ అక్కడి క్రిములను చంపడంతో ఆగదు. దారిలో ఎక్కడైనా మురికి చొరబడితే దాన్ని ఎదుర్కొనేందుకు కొంత మిగిలి ఉండాలి. చివరి ఇంటి నల్లా వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది ప్రమాణం. ఆ స్వల్ప వాసన నీటికి కాపలా ఉన్నదనడానికి గుర్తు. నీటిని శుభ్రమైన పాత్రలో కొంతసేపు ఉంచితే అది చాలా వరకు తగ్గిపోతుంది.

అయితే పొడి చల్లినంత మాత్రాన పని జరిగినట్లు కాదు. 60,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన 120 గ్రాముల క్లోరిన్ కావాలి. నూటికి 30 పాళ్ళు క్లోరిన్ ఉన్న మంచి బ్లీచింగ్ పొడి అయితే 400 గ్రాములు సరిపోతుంది. అదే పొడి సంచి మూతి విప్పి తేమలో నెలల తరబడి పడి ఉంటే దాని బలం సగానికి దిగజారవచ్చు. అప్పుడు అదే 400 గ్రాములు సగం పనే చేస్తుంది. రిజిస్టరులో మాత్రం పూర్తి పని జరిగినట్లే ఉంటుంది. పొడిని ముందుగా బకెట్టు నీటిలో కలిపి, సున్నపు మడ్డి తేరిన తరువాత పై నీటిని ట్యాంకులో పోయాలి. అరగంట ఆగిన పిమ్మట ఊరికి వదలాలి. చివరి వీధిలో క్లోరోస్కోపు అనే చిన్న పెట్టెతో పరీక్షించాలి; నీటిలో మందు చుక్కలు వేయగానే వచ్చే రంగును బట్టి క్లోరిన్ ఎంత మిగిలిందో తెలుస్తుంది.

ట్యాంకు కడగడం మరొక ముఖ్య విధి. తెలంగాణ పల్లెలలో ప్రతి నెల 1, 11, 21 తేదీలలో ట్యాంకులు శుభ్రపరచి, ఆ తేదీని ట్యాంకు మీద వ్రాయాలన్న నియమం ఉన్నది. మీ ఊరి ట్యాంకు మీద చివరిగా వ్రాసిన తేదీ ఏదో ఒకసారి తలెత్తి చూడండి.

మన చేతులతో మనం చేసుకునే కీడు

ఇంతవరకు సంస్థ బాధ్యతను గురించి చెప్పాము. ఇక మన ఇళ్ళ సంగతి చూద్దాం.

ఒత్తిడి తక్కువగా ఉన్న వీధులలో నల్లా చుట్టూ గొయ్యి తవ్వి, నేలకు రెండడుగుల కిందనే గొట్టాన్ని కోసి నీళ్ళు పట్టుకోవడం పరిపాటి. నీరు వచ్చేటప్పుడు ఆ గొయ్యి నిండుతుంది. వదలడం ఆపగానే గొట్టం ఖాళీ అయి, గొయ్యిలోని మురుగును వెనుకకు పీల్చుకుంటుంది. మరునాడు నీరు వదిలినప్పుడు ఆ మురుగే మొదటి బిందెలో పడుతుంది. పొరుగింటి బిందెలో కూడా పడుతుంది. చాలా ఇళ్ళ గొట్టాలు మురికి కాలువల గుండానే పోతున్నాయి. వాటి జాయింటు కాస్త వదులైనా ఇదే జరుగుతుంది. వాన కాలంలో ఒకే వీధిలో పది మందికి వాంతులు, విరేచనాలు, కామెర్లు వచ్చాయంటే మొదట చూడవలసింది ఈ గోతులను, ఈ కాలువలనే.

నల్లాకు నేరుగా మోటారు బిగించడం ఇంకా పెద్ద దోషం. మోటారు తన వంతు నీటితో ఆగదు. గొట్టంలోని నీటినంతటినీ తన వైపు లాగుతుంది. పై వీధి వృద్ధురాలి బిందె ఖాళీగా మిగులుతుంది. గొట్టంలో నీటికన్నా పీల్చుడు ఎక్కువైనప్పుడు, పగుళ్ళ గుండా చుట్టుపక్కల మురుగు కూడా లోపలికి వస్తుంది. పొరుగువాని వాటా లాక్కున్న మోటారు, తన ఇంటికే ఆ మురికిని తెచ్చిపెడుతుంది. ఊరి వెలుపల పెద్ద గొట్టాల మీద ఉండే ఎయిర్ వాల్వులను పగులగొట్టి పశువులకో, పొలానికో నీళ్ళు పట్టేవారు కూడా ఇటువంటి హానినే కొన్ని పదుల ఊళ్ళకు కలిగిస్తున్నారు.

వృథాను గురించి ఒక చిన్న లెక్క. నిమిషానికి 6 లీటర్లు ఇచ్చే నల్లాను పూర్తిగా విప్పి 3 నిమిషాలు వజూ చేస్తే 18 లీటర్లు పోతాయి. రోజుకు ఐదు పూటలా అలాగే చేస్తే 90 లీటర్లు. అంటే ఒక పల్లెవాసికి తాగడానికి, వంటకు, స్నానానికి, బట్టలకు కలిపి నిర్ణయించిన 55 లీటర్ల కన్నా ఎక్కువ. అదే వజూ ఒక చిన్న లోటా నీటితో నిండుగా జరుగుతుంది. మస్జిదు వజూఖానాలో కారే కుళాయిలను బాగుచేయించడం కూడా ఊరి నీటి సరఫరాకు తోడ్పడడమే.

పైకం లెక్క

"నీటికి డబ్బు ఎందుకు కట్టాలి? అది అందరిదీ గదా" అని కొందరు అడుగుతారు. నీరు అందరిదే. మోటారుకు కరెంటు, బ్లీచింగ్ పొడి, మరమ్మతు సామాను, ఆపరేటరు జీతం మాత్రం ఖర్చుతో కూడినవి. ఉదాహరణకు 500 ఇళ్ళ ఊరిలో ఇంటికి నెలకు 60 రూపాయల చొప్పున అందరూ కడితే 30,000 రూపాయలవుతుంది. సగం ఇళ్ళు ఎగవేస్తే 15,000 మాత్రమే మిగులుతుంది. అప్పుడు ముందుగా ఆగేది కంటికి కనిపించని పనులే: క్లోరిన్ పరీక్ష, ట్యాంకు శుభ్రత, వాల్వు మరమ్మతు. నీరు వస్తూనే ఉంటుంది, దాని నాణ్యత మాత్రం నిశ్శబ్దంగా పడిపోతుంది. నీటి పన్ను ఎగవేసిన ఇల్లే మరోవైపు నల్లాను నమ్మలేక 20 లీటర్ల డబ్బాలు కొంటూ నెలకు అంతకు మించి వెచ్చిస్తున్నది. డబ్బా కొనలేని ఇల్లు మాత్రం వచ్చిన నీటినే తాగుతుంది. ఊరి నల్లా పాడైనప్పుడు మొదట నష్టపోయేది పేదవాడే.

అలాగని పైకం అడిగే హక్కు ఒకవైపే ఉండదు. కట్టిన ప్రతి రూపాయికి రశీదు ఇవ్వాలి. ఆదాయ వ్యయాలను పంచాయతీ గోడ మీద అతికించాలి. నిజంగా కట్టలేని వితంతువుకు, వికలాంగునికి మినహాయింపు ఊరు కలసి నిర్ణయించాలి. నీరు వచ్చే వేళ, ఆగే రోజు ముందుగా తెలపాలి. ఫిర్యాదుల పుస్తకం ఒకటి పంచాయతీ కార్యాలయంలో ఉండి, ఫిర్యాదు అందిన తేదీ, బాగుచేసిన తేదీ పక్కపక్కనే వ్రాయాలి. ఆ రెండు తేదీల నడుమ దూరమే ఆ ఊరి సేవకు అద్దం.

స్త్రీలు ముందుకు రావలసిన చోటు

జలజీవన్ మిషన్ నిబంధనల ప్రకారం ప్రతి గ్రామంలో 10 నుండి 15 మందితో నీటి, పారిశుధ్య కమిటీ ఉండాలి. అందులో సగం మంది స్త్రీలు ఉండాలి. నీటిని పరీక్షించేందుకు ఊరికి ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఇచ్చి, పరీక్షా సామగ్రి పెట్టెను వారికి అప్పగించాలన్నది మరొక ఏర్పాటు. ఆ పెట్టెతో ఫ్లోరైడును, క్లోరిన్‌ను, నైట్రేటును ఇంటి ముంగిటే చూడవచ్చు. ఒక చిన్న సీసాలో నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలినపు క్రిములు ఉన్నట్లయితే నీరు నల్లబడుతుంది. అక్షరం రాని తల్లికి కూడా అర్థమయ్యే పరీక్ష ఇది. ఇవి గాక ప్రతి నీటి వనరుకు ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి క్రిముల పరీక్ష ప్రయోగశాలలో జరగాలి.

ఎన్నో ఊళ్ళలో ఈ కమిటీలు కాగితం మీదే ఉన్నాయి. ఇంటి నీటి బరువు మోసేది స్త్రీ అయినప్పుడు, ఊరి నీటిని గురించి నిర్ణయించే చోట ఆమె లేకపోవడం తగని పని. మన కుటుంబాలలో చదువుకున్న ఆడపిల్లలు, కోడళ్ళు ఈ శిక్షణకు ముందుకు రావాలని, ఇంటి పెద్దలు వారిని ప్రోత్సహించాలని మేము కోరుతున్నాము. తమ వీధి నీరు ఎటువంటిదో తమ చేతులతో పరీక్షించి చెప్పగలగడం ఇరుగుపొరుగుకు చేసే గొప్ప మేలు.

పాఠకులారా! రాబోయే గ్రామసభకు వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు? చివరి ఇంటి నల్లా వద్ద క్లోరిన్ ఎంత ఉన్నది? గత ఏడాది నీటి పరీక్ష నివేదిక ఎక్కడ ఉన్నది? అడగడానికి ముందు మన ఇంటి సంగతి కూడా సరిచేసుకుందాం. గొయ్యి ఉంటే పూడ్చి నల్లాను నేల పైకి ఎత్తిద్దాం, మోటారు ఉంటే విప్పేద్దాం, కారే కుళాయికి వాషరు వేయిద్దాం, నీటి పన్ను బకాయి ఉంటే తీర్చేద్దాం. తన వంతు నెరవేర్చిన వారి ప్రశ్నకు ఊరిలో బరువు ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పని స్థితి పంచాయతీకి కూడా ఏర్పడుతుంది.